బొంతకు తగ్గ కుట్టు

ఏమండోయ్, మిమ్మల్నే! పొద్దున మీ డాబా మీద ఆరేసిన బొంత చూశాను లెండి. చూడాలని చూడలేదు. మా కరివేపాకు చెట్టుకి పురుగు పట్టిందేమోనని తలెత్తితే కనపడింది. నీలం చీర, దాని మీద ఎర్ర దారం. బాగానే ఉంది. కానీ నడిమధ్య ఆ ఉబ్బేమిటండీ, పూరీ పొంగినట్టు? ఎక్కడ కుట్టించారు? చెప్పకపోతే పోనివ్వండి, సాయంత్రానికి ఎలాగూ తెలుస్తుంది. మీ పనిమనిషే మా పనిమనిషి కదా.

కోపం తెచ్చుకోకండి. నా బొంత కూడా ఒకప్పుడు కుట్టు కుదరక పాడైంది. ఆ కథ చెబుదామనే గోడ దగ్గరికొచ్చాను. స్టవ్ కట్టేశారుగా? అయితే ఆ స్టూలు ఇటు లాక్కోండి.

మొన్న శుక్రవారం మోండా మార్కెట్‌కి వెళ్ళాను. ఉసిరికాయల కోసమని ఇంట్లో చెప్పాను. మా ఆయన నా చేతిలో మూడు సంచులు చూసి, "ఉసిరికాయలు తేవడానికి వెళ్తూ ఇంత మోసుకెళ్తున్నావేం?" అన్నారు. ఆయనకేం తెలుసు? మోండాకి ఒక్క పని మీద వెళ్ళి ఒక్క పనితో తిరిగొచ్చినవాళ్ళని మీరెప్పుడైనా చూశారా? కొత్తిమీర కట్టల మధ్య నుంచి నడుస్తాం, తమలపాకుల బుట్ట దగ్గర ఆగుతాం, పసుపు కొమ్ములు విరిచి వాసన చూస్తాం. అక్కడినుంచి కాళ్ళు వాటంతటవే జనరల్ బజార్ వైపు తిరుగుతాయి. బట్టలు, మ్యాచింగ్ సెంటర్లు, ఫాల్ కుట్టే మిషన్లు, పీకో చేసే మిషన్లు. ఒకదాని మోత ఇంకొకదాని మోతలో కలిసిపోతుంది. 1806లో సికిందర్ జా పేరున ఈ సికింద్రాబాద్, అదే మన లష్కరు, పుట్టింది మొదలు ఇక్కడ దండు ఉంది, దండు ఉన్నచోట బజారు ఉంది. బజారు ఉన్నచోట దర్జీ లేకుండా ఎలా?

ఆ సందుల్లోనే ఉంటాడు మా దర్జీ. ముప్ఫయ్యేళ్ళుగా నేను "ఏమయ్యా" అంటాను, అతను "అమ్మా" అంటాడు. పని అంతటితో జరిగిపోతోంది. కళ్ళజోడు దారం కట్టి మెడలో వేసుకుంటాడు, అయినా రోజుకి పదిసార్లు వెతుక్కుంటాడు. బట్ట ఇస్తే ముందు చూడడు. పిడికిట్లో పెట్టి నలిపి వదులుతాడు. ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న.

"ఎవరు కప్పుకుంటరమ్మా?"

డిజైను ఏది కావాలి, దారం రంగేమిటి, ఎప్పటికి కావాలి, ఇవేవీ అడగడు. ఎవరు కప్పుకుంటారు? అంతే. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఎవరు కప్పుకుంటే నీకెందుకయ్యా, కుట్టవయ్యా అనుకునేదాన్ని. ఇప్పుడు అర్థమైంది లెండి. మనవాళ్ళు గంతకు తగ్గ బొంత అంటారు. కానీ బొంతకి తగ్గ కుట్టు ఒకటుందని ఆ మాట అన్నవాళ్ళు చెప్పలేదు. అది నాకు ఈ దర్జీ దగ్గరే తెలిసింది.

సరే, మొదటి సంచి. మా ఆడపడుచు కూతురికి నెల తప్పింది. ఎవరికీ చెప్పకండి, ఇంకా మూడో నెల నిండలేదు. పసిబిడ్డకి బొంత కావాలి కదా! మా పాత నూలు చీరలు రెండు తీసుకెళ్ళాను, ఉతికి ఉతికి వెన్నలా అయినవి. ఒక చీర మూడు మడతలు వేస్తే సుమారు ఆరడుగుల పొడుగు, మూడుముప్పావు అడుగుల వెడల్పు వస్తుంది. రెండు చీరలయితే ఆరు పొరలు. మనిషి నిండా కప్పుకోవచ్చు. పసివాడికి అందులో సగం చాలు. నేనేమో ముచ్చటపడి తీగలు, పూలు, చిలకలు దట్టంగా కుట్టమన్నాను. దర్జీ తల అడ్డంగా ఊపాడు. "గంత కుడితే అట్ట లెక్క అయితదమ్మా. బుజ్జిగాడు ముడుచుకొని పండాలె, అట్ట మీద ఎట్ల పండుతడు?"

నిజమే సుమండీ. కుట్టు ఎంత దగ్గరైతే బొంత అంత బిరుసు. దూరమైతే ఒంటికి వాలుతుంది. చీరల పొరలే అయితే, లోపల ఇంకేమీ లేకపోతే, వరసకీ వరసకీ మధ్య బెత్తెడున్నర వదిలినా ఫరవాలేదు. పొరలు ఎక్కడికీ పోవు. అదే లోపల విడి దూది పెట్టారనుకోండి, లెక్క మారిపోతుంది. ఎడం ఇచ్చారా, రెండు ఉతుకులకే దూదంతా ఒక మూలకి చేరి ముద్ద కడుతుంది. మీ చిన్నతనంలో దూదేకులవాళ్ళు వీధిలోకి వచ్చేవాళ్ళు గుర్తుందా? భుజాన పెద్ద విల్లు, దాని నారి మోగిస్తే టంగు టంగుమని వీధంతా వినపడేది. ఏకిన దూది కుండలోంచి పొంగిన పాలలా ఉండేది. మా తమ్ముడు అందులోకి దూకి తన్నులు తిన్నాడొకసారి. ఇప్పుడు వాడు బ్యాంకు మేనేజరు, అడిగితే ఒప్పుకోడు. ఏమంటున్నానూ... ఆ, దూది. దూది రజాయికి దగ్గర కుట్టు కావాలి, చీరల బొంతకి ఎడం కుట్టు చాలు. పసివాడి బొంతకి చివరికి ఏటవాలు గీతలు, వెడల్పుగా, అంతే. చిలకలు లేవు. పుట్టేవాడికి చిలకలతో ఏం పని, వాడు ఎలాగూ తడిపేస్తాడు.

రెండో సంచిలో పోచంపల్లి. మా పెద్దమ్మాయిది. చిరిగిపోయిన దుపట్టాలు, కట్టి కట్టి రంగు వెలిసిన చీర. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అది గర్వంగా కట్టుకుని కాలేజీకి పోయిన చీర లెండి. ఇక్కత్‌లో డిజైను నేతకి ముందే నూలుకి ముడులు వేసి రంగులో ముంచినప్పుడే పుడుతుంది. అందుకే ఆ డైమండ్ల అంచులు కాస్త కరిగినట్టు ఉంటాయి. అంత డిజైను ఉన్న బట్ట మీద మళ్ళీ పూలతీగ కుడితే ఏమవుతుంది? ఏమీ కనపడదు. డబ్బు దండగ. పువ్వుల చీర కట్టి, మెడలో అయిదు పేటల గొలుసు వేసి, పైన పూసల దండ కూడా వేసుకున్నట్టు. మీ మరదలు అలాగే చేస్తుంది కదా పెళ్ళిళ్ళకి! నేనన్నానని చెప్పకండి.

అలాంటి బట్టకి దర్జీ చేసేదొకటే. డైమండు అంచు ఎటు పోతే సూదీ అటే పోతుంది. నారాయణపేట చీరయితే ఇంకా సుఖం, గళ్ళ గీతలే దారి చూపిస్తాయి, సబ్బు ముక్కతో గీసుకునే పని కూడా ఉండదు. డిజైను ఎక్కువున్న బట్టకి కుట్టు ఒదిగి ఉండాలి. సాదా బట్ట దొరికిందా, మంగళగిరి నూలు లాంటిది, ఒళ్ళంతా ఒకటే రంగు, అప్పుడు పెట్టుకోండి మీ మామిడి పిందెలూ, తీగలూ, చేప పొలుసుల వంపులూ. అక్కడ ప్రతి కుట్టూ కనపడుతుంది. తప్పు కుట్టు కూడా కనపడుతుంది, అది వేరే సంగతి.

దారం సంగతీ అంతే. బట్ట రంగులో కలిసే దారం మన తప్పులు కడుపులో దాచుకుంటుంది. ఎదురు రంగు దారం ఊరంతా చాటుతుంది. మీ నీలం మీద ఎర్ర దారం వేయించారు చూశారూ... సరే సరే, ఆగండి, స్టూలు మీంచి లేవకండి. ఆ ఉబ్బు సంగతి చెబుతానుగా.

మిషనులో ఏం జరుగుతుందో తెలుసా? కింద పళ్ళుంటాయి, అవి కింది పొరని ముందుకి లాగుతాయి. పైన పాదం నొక్కుతుంది, పై పొర వెనకపడుతుంది. రెండు పొరలయితే ఏమీ కాదు. ఆరు పొరలయితే ఒక్కోటీ ఒక్కో నూలు జరుగుతూ చివరికి రెండు వేళ్ళ బట్ట మిగిలిపోతుంది. మీ దర్జీ ఏం చేశాడు? ముందు నాలుగు అంచులూ బిగించేశాడు. ఆ తర్వాత లోపలికి వచ్చాడు. మిగిలిన బట్ట ఎటు పోవాలి? పోవడానికి దారి లేక నడిమధ్య పొంగింది. మిషను మీద ఎప్పుడూ నడిమి నుంచి మొదలుపెట్టి అంచులకి పోవాలి. దానికి ముందు పొరలన్నీ కలిపి పొడుగు టాకాలు వేసుకోవాలి. మా అమ్మాయి అమెరికాలో కొన్న మిషనుకి వాకింగ్ ఫుట్ అని పైన కూడా పళ్ళున్న పాదం వచ్చింది. కింది బట్టనీ పై బట్టనీ చెరో చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. తప్పిపోయిన పిల్లల్ని ఇంటికి తెచ్చినట్టు.

చేతి కుట్టుకి ఈ బాధ లేదు. కర్ణాటకలో ఉత్తర కన్నడ అడవుల పక్కన సిద్దీలున్నారు, వాళ్ళ పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు. ఆ ఆడవాళ్ళు కవంది అని బొంత కుడతారు. ఒక మూలలో మొదలుపెట్టి అంచుల వెంబడి చుట్టూ తిరుగుతూ తిరుగుతూ నడిమికి చేరతారు. సరిగ్గా మిషనుకి తిరగేసిన పద్ధతి. చేత్తో ఎప్పటికప్పుడు బట్ట సవరించుకుంటారు కాబట్టి ఉబ్బదు. చివర్న నాలుగు మూలలా మడతపెట్టిన చిన్న ముక్కలు కుడతారు. వాటిని పువ్వులంటారు. అవి లేకపోతే బొంత బోసిగా ఉన్నట్టట. మన ఆడపిల్ల పెళ్ళిచూపులకి జడలో పూలు లేకుండా కూర్చున్నట్టు అనుకోండి.

ఇప్పుడు నా పరువు పోయిన కథ. మా అత్తగారికి సిద్దిపేట గొల్లభామ చీర ఒకటుండేది. నెత్తిన కుండ, చేతిలో కుండ పెట్టుకుని వరసగా నిలబడ్డ గొల్లభామలు. బుజ్జి బుజ్జి బొమ్మలు, నేతలోనే వచ్చినవి. అది చిరిగితే బొంత పైకి వేయిద్దామని ఒకచోట ఇచ్చాను. ఎక్కడని అడక్కండి, మా దర్జీ దగ్గర మాత్రం కాదు. తొందరలో ఇచ్చాను, "ఏదో ఒకటి కుట్టెయ్యవయ్యా" అన్నాను. అతను డైమండ్లు కుట్టాడు. తిన్నగా, చక్కగా, ఒక్క నూలు తేడా లేకుండా కుట్టాడు. ఇంటికి తెచ్చి పరిస్తే ఒక గొల్లభామకి మెడ మీదుగా, ఒకదానికి మొహం మీదుగా, మూడోదానికి కుండ మీదుగా గీత. మా అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని చూసి, "చల్లంతా ఒలికిపోయింది కదే!" అన్నారు. అంతే, ఇంకో మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

బొమ్మ ఉన్న బట్ట మీద బొమ్మ చుట్టూ కుట్టాలి. అంచు వెంబడి ఒక వరస, దానికి అర అంగుళం ఎడంగా ఇంకో వరస, చెరువులో రాయి వేస్తే అలలు లేచినట్టు. కలంకారీకి కూడా అదే మర్యాద. శ్రీకాళహస్తి వాళ్ళు కలంతో గీసిన దేవుడి కిరీటం మీదుగా సూది నడిపిస్తామా? బందరు అచ్చు పూలయితే కాస్త చూసీ చూడనట్టు పోవచ్చు, దేవుడి మీదుగా మాత్రం వద్దు.

పట్టు సంగతి చెప్పలేదు కదూ? మేడ మీది పిన్నిగారు తన పెళ్ళి పట్టుచీర బొంత చేయిస్తానని పట్టుబట్టింది. వెళ్ళి చెప్పాను. నూలులో సూది తప్పుదోవ పడితే విప్పి ఉతికితే కన్నం పూడుతుంది. పట్టులో పడిన కన్నం అలాగే ఉండిపోతుంది, పెళ్ళిలో అన్న మాటలాగా. సన్న సూది పెట్టించాలి, డిజైను ముందే ఖాయం చేసుకోవాలి, విప్పడం అనే మాట ఉండకూడదు. జరీ అంచు బుగ్గకి తగిలితే గీరుకుంటుంది, దాన్ని కాళ్ళ వైపు పెట్టించాలి. గద్వాలయితే మరీ జాగ్రత్త. ఒళ్ళు నూలు, అంచు పట్టు. కొత్త చీరయితే నూలు కుంచించుకుపోతుంది, పట్టు అంతగా పోదు. కలిపి కుట్టి నీళ్ళలో వేస్తే రెండూ పోట్లాడుకుంటాయి. ముందే తడిపి ఆరేసి అప్పుడు కుట్టాలి. పిన్నిగారు అంతా విని, "అయితే కట్టుకుంటాలే" అని చీర మళ్ళీ బీరువాలో పెట్టేసింది. పట్టుచీరకి అంతకన్నా మంచి డిజైను నాకూ తోచలేదు.

మూడో సంచి చెబుదామంటే మధ్యలో ముగ్గు అడ్డొచ్చింది. వినండి. మా మనవరాలి గౌన్ల ముక్కలన్నీ నాలుగేసి అంగుళాల చదరాలు కత్తిరించి ఒక బొంత అతికాను. అదీ రెండో సంచిలోనే పెట్టుకెళ్ళాను. అన్నీ మూలలే, అన్నీ గీతలే. మళ్ళీ గీతలే కుడితే లెక్కల పుస్తకంలా ఉంటుంది. గీతలున్నచోట వంపు కావాలి, వంపులున్నచోట గీత కావాలి. అది నా మాట కాదు, మన వాకిలి చెప్పే మాట. చుక్కలు తిన్నగా పెడతాం, మెలిక వాటి చుట్టూ తిరుగుతుంది. చెయ్యి ఎత్తకుండా మొదలుపెట్టినచోటికే వచ్చి కలుస్తుంది. మిషనుకి కూడా అదే కావాలండీ! దారం తెంపకుండా తిరిగి తిరిగి వచ్చే దారి. చదరానికో చుక్క అనుకుంటే బొంత నిండా మెలికల ముగ్గు పట్టేస్తుంది. పళ్ళు కిందికి దించేస్తే మిషను బట్టని లాగడం మానేస్తుంది. ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, ముగ్గు వేసే చెయ్యిలాగే.

దర్జీకి చెబితే నవ్వాడు. "ముగ్గు నాకేం తెలుసమ్మా, నువ్వే గియ్యి" అన్నాడు. అక్కడే స్టూలు మీద కూర్చుని బటర్ పేపర్ మీద గీశాను. పక్కన మగ్గం వర్క్ చేసే కుర్రాడు ఆ కాగితం లాక్కుని, గీత వెంబడి సూదితో టకటకా పొడిచాడు. బట్ట మీద పరిచి పైన తెల్ల పొడి రుద్దాడు. కాగితం ఎత్తితే బొంత మీద చుక్క చుక్కగా మెలికల ముగ్గు! ఉసిరికాయలకి వచ్చినదాన్ని మోండా పక్క సందులో ముగ్గేసి వచ్చాను చూడండి. మీరు కూడా డిజైను ఎంచుకునే ముందు ఇలా చేయండి. అంత ఓపిక లేకపోతే బొంత మీద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు పరిచి దాని మీద మార్కర్‌తో గీసుకోండి. నచ్చకపోతే తుడిచెయ్యొచ్చు. షీటు జరిగి మార్కరు బట్టకి అంటకుండా చూసుకోండి. అంటింది. అందుకే చెబుతున్నాను.

ఇక మూడో సంచి. అందులో ఉన్నది మా అత్తగారి చేతి బొంత. ఆవిడ పోయి ఆరేళ్ళయింది కదా! నూలు అక్కడక్కడా పిగిలిపోతోంది. పైన మిషను కుట్టు దట్టంగా వేయిస్తే ఇంకో పదేళ్ళు ఆగుతుందని నా ఆశ. దర్జీ అలవాటు ప్రకారం పిడికిట్లో నలిపాడు. కళ్ళజోడు వెతుక్కున్నాడు. మెడలోనే ఉంది. బొటనవేలితో కుట్టు వరస వెంబడి రుద్దుకుంటూ పోయాడు. ఎవరు కప్పుకుంటారని అడగలేదు ఈసారి.

"ఎవరు కుట్టిన్రమ్మా?" అన్నాడు.

చెప్పాను. అతను ఒకచోట వేలు పెట్టి చూపించాడు. కుట్లు బియ్యపు గింజల్లా సన్నగా తిన్నగా వస్తూ వస్తూ, ఒక జానెడు మేర పొడుగై, వంకరపోయి, మళ్ళీ సర్దుకున్నాయి. ఇంకో రెండు వరసల కింద మళ్ళీ అంతే. "ఈడ ఎవరితోనో మాట్లాడుతున్నదమ్మా" అన్నాడు. బొంత మడిచి నా చేతిలో పెట్టాడు. పిగిలినచోట లోపలి నుంచి చిన్న ముక్క ఆనించి చేత్తో కుట్టుకోమన్నాడు. చుట్టూ అంచు పట్టీ మాత్రం తను మిషను మీద వేస్తానన్నాడు. లోపల మిషను పెట్టనన్నాడు. డబ్బు వచ్చే పని వద్దనే దర్జీని లష్కరులో నేను అతన్నొక్కణ్ణే చూశాను.

ఇంటికొచ్చాక ఆ వంకరలు లెక్కపెట్టాను. పదకొండు. మా అత్తగారు బొంత కుట్టేది ఎక్కడో మీకు తెలియదు, మీరప్పటికి ఈ ఇంట్లో అడుగుపెట్టలేదు. ఇదిగో, నేనిప్పుడు నిలబడ్డ చోటే మంచం వేసుకుని కూర్చునేవారు. గోడకి అవతల, మీరిప్పుడు కూర్చున్న చోట మీ అత్తగారు. ఇద్దరికీ పొద్దు తెలిసేది కాదు. కబురు గట్టిదైతే సూది పక్కకి పోయేది. ఆ పదకొండిట్లో ఒకటి మీ పెళ్ళి సంబంధం ఖాయమైన కబురే అయ్యుంటుంది. పెద్ద వంకర ఒకటుంది లెండి, అదే మీరని నా నమ్మకం.

అరెరే, ఏమిటా నవ్వు! ఉసిరికాయలా? తేలేదండీ, మర్చిపోయాను. అది తర్వాత చూసుకుందాం. ముందు ఆ ఉబ్బిన బొంత ఇలా గోడ మీదుగా అందివ్వండి. అంచు కుట్లు విప్పాలి, నడిమి నుంచి మళ్ళీ టాకాలు వేయాలి. నూలే కదా, కన్నాలు పూడిపోతాయి. మీరా కొస పట్టుకోండి, నేనీ కొస పట్టుకుంటాను. అవునూ, మీ మరదలి సంగతి ఏదో సగంలో ఆపారు మొన్న...